గొర్రెలు లేవని తేలిన రోజు

రెవెన్యూలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. డిపార్టుమెంటు పరీక్షలకు చదువుకుంటూ, "సార్, జప్తు చెయ్యాల్సిన ఆస్తి దొరకకపోతే ఏం చెయ్యాలె?" అని అడుగుతారు. చట్టంలో దానికి నాలుగు వరుసల జవాబుంది. బట్టీ పడితే మార్కులు వస్తాయి. నేను ఆ నాలుగు వరుసలు చెప్పను, ఒక గొర్రెల మంద సంగతి చెబుతాను. ఎన్నిసార్లు చెప్పినా ఆ రోజు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెద్దదైపోతుంది. లోపలి నుంచి మా ఆవిడ "మల్ల మొదలువెట్టిండు, ఇగ చాయ్ పెట్టాల్సిందే" అంటుంది. అంటే అననీ!

రిటైరవడానికి ఇంకా కొంచెం కాలం ఉందనగా ఇబ్రహీంపట్నం ఆర్డీవో ఆఫీసులో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్నాను. నాకు ముక్కు మీద కోపమని ఆఫీసంతా చెప్పుకునేవాళ్లు. చెప్పుకోవడంలో తప్పేమీ లేదు, ఉన్నమాటే. మా ఆర్డీవో మేడం చిన్న వయసు మనిషి. నేను ఫైలు బల్ల మీద కొడితే నవ్వి, "ఫైలు ఏం చేసింది సార్?" అనేది. ఆ నవ్వుకు కోపం సగం దిగిపోయేది.

ఆ రోజుల్లో సాగర్ రోడ్డు మీద ఒకాయన కంపెనీ పెట్టాడు. మీరు డబ్బు కట్టండి, మీ పేరున గొర్రెను కొంటాం, మేమే మేపుతాం, ఏటా పుట్టే పిల్లల్లో మీకు వాటా ఇస్తాం అన్నాడు. జనం ఆయనను గొర్ల సేటు అని పిలిచేవాళ్లు. ఆయన తెలివి మామూలుది కాదు. డబ్బు కట్టిన ప్రతి మనిషినీ షెడ్డుకు తీసుకుపోయి, గొర్రెకు పసుపు కుంకుమ పెట్టించి, మెడలో పూలదండ వేయించి, పక్కన నిలబెట్టి ఫొటో తీయించేవాడు. చెరువులో చేపలు పట్టేవాళ్లు, బడంగ్‌పేట్ అపార్టుమెంట్లలో పాచిపని చేసేవాళ్లు, నాదర్‌గుల్ వైపు సెంట్రింగు పనికి పోయేవాళ్లు, అందరూ కట్టారు. మొదటి ఏడాది వాటా చేతికొచ్చింది. దాంతో బంధువులను కూడా చేర్పించారు. ఆ తర్వాత ఒకరోజు కంపెనీకి తాళం పడింది. కేసయింది, సేటు జైలుకు పోయి బెయిలు మీద బయటికి వచ్చాడు.

ఇలాంటి కేసుల్లో డిపాజిటర్ల కోసం ఒక చట్టం ఉంది. జనం డబ్బుతో కొన్న ఆస్తి ఏదుందో ముందు దాన్ని జప్తు చెయ్యాలి. అది దొరకకపోయినా, చాలకపోయినా అప్పుడు ఆ మనిషి సొంత ఆస్తి మీద చెయ్యి వెయ్యొచ్చు. అంతవరకు ముట్టుకోకూడదు. సేటుకు సాగర్ రోడ్డు మీదే మూడంతస్తుల బిల్డింగు ఉంది. కంపెనీకి చాలా ముందు, తండ్రి ఇచ్చిన పొలం అమ్మి కట్టుకున్నది. అందులో జనం సొమ్ము లేదు. రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకు పోయేవాణ్ణి, చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

సేటేమో పోలీసులతో, "గొర్లన్నీ భద్రంగ ఉన్నయి సార్. యాచారం అవతల ఒక ఊర్ల గొర్ల కాపరికి పాలుకిచ్చిన. పోయి పట్టుకోండ్రి" అన్నాడు. పాలుకివ్వడమంటే మా వైపు పాత పద్ధతి. గొర్రెలు ఒకరివి, మేపే కష్టం ఇంకొకరిది, పుట్టిన పిల్లలు చెరి సగం. దానికి కాగితం ఉండదు. ఇద్దరు పెద్దమనుషులు మంద దగ్గర కూర్చొని మాట అనుకుంటే అయిపోయినట్టే. సేటు పాలుకివ్వడం నిజమే, ఊళ్లో అందరూ చూశారు. మా వాళ్లు పోయారు, కంచె వేసిన దొడ్డిలో మంద కనబడింది, సేటు చెప్పిన లెక్క సరిపోయింది. పంచనామా రాసి, మందను ఆ కాపరి చేతికే సుపుర్దు, అంటే కాపలాకు, అప్పగించి వచ్చారు. అమ్మకూడదు, కొయ్యకూడదు, వేలం అయ్యేదాకా ఊరి పొలిమేర దాటించకూడదు అని వేలిముద్ర వేయించుకున్నారు.

వేలం నోటీసు అంటించడానికి నేను పోయాను. ఆ కాపరి ఒక ముసలామె. భర్త పోయాక కొడుకుతో కలిసి మందను నిలబెట్టుకున్న మనిషి. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"ఇయ్యి నా గొర్లు సారూ. సేటుయి పోయిన దసరకే రాత్రిపూట లారీల ఎక్కిచ్చుకపోయిండు."

"కాగితమేమన్న రాసిచ్చిండా అవ్వా?"

"ఇచ్చినప్పుడు రాసిండా, తీసుకపోయినప్పుడు రాస్తందుకు? సేటుయి ఎర్రయి. నాయి నల్లయి. కండ్లున్నోళ్లు జూస్తె తెలువది?"

నాకూ కళ్లున్నాయి. మంద నిండా నల్లగా ఉన్ని గొర్రెలే, అక్కడక్కడ తెల్ల మచ్చలు. ఆఫీసుకు వచ్చి పోలీసు ఇన్‌స్పెక్టరును అడిగితే సేటు వాఙ్మూలం చూపించాడు. ఎర్రవీ నల్లవీ కలిపి కొన్నానని అందులో ముందే చెప్పి పెట్టాడు. ఇక ఇదొక మాట, అదొక మాట. డబ్బు కట్టిన జనాన్ని అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఫిర్యాదుదారు వస్తే ఎంత కట్టావు, రసీదు ఉందా అని అడగడం మా అలవాటు. నీ గొర్రె ఎట్లా ఉంటుంది అని ఏ ఆఫీసులోనూ ఎవరూ అడగరు.

అప్పటికే ఎండలు ముదిరాయి. ఊరి చుట్టూ గడ్డి అయిపోయింది. ఏటా ఆ కాలానికి ఆమె కొడుకు మందను తోలుకొని కృష్ణా నది వైపు పోయేవాడట. ఆ ఏడు మా వేలిముద్ర కాగితం వల్ల కదలలేదు. ఈనిన గొర్రెల పొదుగులు ఎండిపోయాయి. తవుడు కొని పెడుతున్నారు, అదెన్నాళ్లు వస్తుంది?

"వేలం పాడినంక నేనేం మేపాలె సారూ? నిన్ను మేపాలెనా?" అని అడిగింది ముసలామె, నేను మళ్లీ పోయినప్పుడు. నాతో అట్లా మాట్లాడి బతికిపోయిన వాళ్లు తక్కువ. ఆ రోజు మాత్రం జీపెక్కి వచ్చేశాను.

ఒక అనుమానం మాత్రం కంట్లో నలుసులా గుచ్చుతూనే ఉంది. ఉద్యోగమంతా జప్తులకు తిరిగినవాణ్ణి. జప్తు అనగానే ఆవును బావమరిది కొట్టంలో కట్టేసేవాళ్లను చూశాను, ట్రాక్టరును గడ్డివాములో దాచినవాళ్లను చూశాను. ఈ సేటు మాత్రం ఫోను చేసి మరీ, "వేలం ఎప్పుడు పెడుతున్నరు సార్? గొర్లు జాగ్రత్త సార్" అని అడుగుతున్నాడు. పోయే ఆస్తి మీద ఇంత ప్రేమ ఏ ముద్దాయికీ ఉండగా చూడలేదు.

వేలం రోజు పొద్దున్నే జనం దిగారు. బస్సుల్లో, ఆటోల్లో, పిల్లల్ని చంకనేసుకొని వచ్చారు. మాంసం వ్యాపారులూ వచ్చారు. దొడ్డిలో మందను చూడగానే జనానికి ప్రాణం లేచొచ్చింది. "మా గొర్లు! మా గొర్లు!" అని కంచె మీద పడ్డారు. ముసలామె దొడ్డి గడప దగ్గర కాళ్లు చాపుకొని కూర్చుంది. లేవమంటే లేవదు. ఆమె కొడుకు కర్ర పట్టుకొని నిలబడ్డాడు. జనంలో ఒకడు ఆమెను దాటుకొని లోపలికి దూకబోయాడు, కొడుకు కర్ర ఎత్తాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఏ పక్కకు పోవాలో తెలియక మధ్యలో నిలబడ్డారు. వీళ్లూ పేదోళ్లే, వాళ్లూ పేదోళ్లే. మోసం చేసినవాడు మాత్రం ఆ ఊళ్లోనే లేడు.

నా కోపం కట్టలు తెంచుకుంది. జీపు బానెట్ మీద అరచేత్తో గట్టిగా కొట్టాను.

"ఆగుండ్రి! మీ గొర్లేనంటిరి గదా? అయితే వేలం ఎందుకు? ఎవల గొర్రెను వాళ్లు గుర్తువట్టి బయటికి గుంజుకరాండ్రి. పట్టుకున్నోళ్లకు పట్టుకున్నది ఇచ్చేస్త!"

అట్లా ఇచ్చే అధికారం నాకు ఏ చట్టంలోనూ లేదు. నోటికి వచ్చింది, అనేశాను. జనం ఒక్కసారిగా చల్లబడ్డారు.

ముందుకు వచ్చింది ఒక చేపలమ్మే ఆమె. ఇబ్రహీంపట్నంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన తట్ట పెట్టుకొని కూర్చుంటుంది, నేనూ ఆమె దగ్గర కొన్నవాణ్ణే. మగనికి కొత్త వల కొందామని దాచుకున్నదంతా సేటు చేతిలో పోసింది. కొంగు నడుముకు చుట్టుకొని దొడ్డిలోకి పోయింది. ఒక్కో గొర్రె మొహం పట్టుకొని చూసింది. ఆ మూల నుంచి ఈ మూల దాకా తిరిగింది.  బయటికి ఒట్టి చేతులతో వచ్చింది.

"నాది లేదు సారు."

"జర మంచిగ జూడు అక్కా."

"జూసిన. నేను దండేసిన గొర్రె ఎర్రగుండె. ఉన్ని లేకుండె, పొడుగు కాళ్లుండె. ఇయ్యన్ని నల్లయి. గిండ్ల నాది లేదు."

వెనక నుంచి ఒకడు అరిచాడు. "ఏదైతేంది అక్కా! సారే ఇస్తనంటుండు గద, ఒకటి గుంజుకరా!"

ఆమె గిర్రున తిరిగింది. "నీకు కావాలంటె నువ్వు గుంజుకో. నేను ఆమె గొర్రెను ముట్ట."

అంతే, జేబుల్లోంచి ఫోన్లు బయటికి వచ్చాయి. దండలు వేసి దిగిన ఫొటోలు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. "నాది గూడ ఎర్రదే!" అన్నాడొక ఆటో అతను. "మా అత్తది గూడ!" అన్నదింకొకామె. ఒక్కొక్కరూ ఫోను తెచ్చి నా మొహం ముందు పెడుతున్నారు. అన్నీ ఎర్రవే, నున్నగా, పొడుగు కాళ్లతో. నల్ల గొర్రె ఒక్క ఫొటోలోనూ లేదు. ఎర్రవీ నల్లవీ కలిపి కొన్నానన్న సేటు మాట నా కళ్లముందే అబద్ధమైపోయింది.

జనం ఏడుపు అందుకున్నారు. గొర్రెలు పోయాయని వాళ్లకు అప్పుడే తెలిసింది మరి. నాకు మాత్రం బుర్రలో దీపం వెలిగింది. సేటు ఇన్నాళ్లూ మందను పిలిచి పిలిచి ఎందుకు చూపించాడో తెలిసిపోయింది. గొర్రెలు ఉన్నాయన్నంత కాలం బిల్డింగు జోలికి ఎవరూ పోలేరు! ముసలామె మందను అడ్డం పెట్టి తన మూడంతస్తులు కాపాడుకుంటున్నాడు!

"లేవు! మీ గొర్లు లేవు!" అని గట్టిగా అరిచాను. సంతోషం పట్టలేక నవ్వాను కూడా. ఒక పెద్దాయన చెప్పు తీయబోయాడు. ఆయన చెయ్యి పట్టుకొని, "బాపూ, జర ఇను. గొర్లున్నయంటె మీకు గొర్లే దిక్కు. గొర్లు లేవని తేలిందా, ఇగ సేటు బిల్డింగు మీద చెయ్యేస్తం. చట్టంల రాసి ఉన్నది!" అన్నాను. ఆయన చెప్పు కింద పడేసి, "సాగర్ రోడ్డు మీద గదేనా?" అన్నాడు. "అవ్, గదే!" అన్నాను. జనంలోంచి ఎవరో ఈల వేశారు.

ప్రభుత్వం తరఫున వాదించే లాయరమ్మకు ఫోను కొట్టాను. చిన్నపిల్ల, కొత్త ఉత్సాహం. ఫోన్లోనే కేక పెట్టింది. "సార్, ఇప్పుడే పంచనామా రాయించండి! 'లభ్యం కాలేదు' అన్న మాట స్పష్టంగా ఉండాలి. ఫొటోలున్న వాళ్లందరి సంతకాలు తీసుకోండి!" జీపు బానెట్ మీదే కాగితం పెట్టి రాశాను. అక్షరాలు కోడి గీతల్లా వస్తున్నాయి. సంతకాలకు జనం ఎగబడ్డారు. పొద్దున గొర్రెలు ఉన్నాయని కంచె విరగ్గొట్టబోయినవాళ్లే, లేవని సంతకం పెట్టడానికి తోసుకుంటున్నారు.

అప్పుడు చేపలామె నా పక్కకు వచ్చింది. "సారు, ఒక ముచ్చట. నేను బస్సెక్కంగ సేటు రిజిస్ట్రేషన్ ఆఫీసు కాడ నిలవడ్డడు. బామ్మర్ది గూడ ఉండె."

బిల్డింగును బావమరిది పేర రాసేస్తున్నాడు! వేలం రోజే రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాడు! గొర్రెల డబ్బు చాలక రేపు మేం బిల్డింగు వైపు చూస్తామని ముందే ఎత్తు వేశాడన్నమాట. బావమరిది పేరుకు మారాక దాన్ని వెనక్కి తేలేమని కాదు. తేవచ్చు. కానీ ఆ కేసు తెమిలేసరికి ఈ చెప్పు తీసిన పెద్దాయన ఉంటాడో ఉండడో.

మేడంకు ఫోను చేశాను. ఈ కేసులో జప్తు అధికారం ఆమెకే ఇచ్చారు.

"లభ్యం కాలేదా? పక్కా?"

"పక్కా మేడం. కావాలంటే నా పెన్షన్ ఆపండి."

"పెన్షన్ సంగతి తర్వాత. పంచనామా, ఫొటోలు వాట్సాప్‌లో పంపి బయల్దేరండి. ఆర్డరు రెడీ చేస్తా."

మా డ్రైవరు యాచారం వైపు మనిషి, ఎప్పుడూ ఎడ్లబండి నడిపినట్టు నడుపుతాడు. ఆ రోజు "సాబ్, జర గట్టిగ పట్టుకోండ్రి, ఫికర్ జెయ్యకుండ్రి" అని తొక్కాడు చూడండి! యాచారం దాటాం, రోడ్డు మీద గుంతలన్నీ నా నడుముకు లెక్క చెప్పాయి. నేను డాష్‌బోర్డు పట్టుకొని "ఇంకా, ఇంకా" అంటూనే ఉన్నాను. ఆఫీసు గేటు దగ్గర మేడం స్వయంగా ఎండలో నిలబడి ఉంది. చేతిలో ఆర్డరు. జీపు పూర్తిగా ఆగనే లేదు, కిటికీలోంచి కాగితం అందించి "పరుగెత్తండి!" అంది. ఇంత ఉద్యోగంలో ఏ పై అధికారీ నాకు అంత మంచి మాట చెప్పలేదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో జనం కిక్కిరిసి ఉన్నారు. దస్తావేజులతోనే విసురుకుంటూ తిట్టుకుంటున్నారు. పొద్దుటి నుంచీ సర్వర్ డౌనట! జన్మలో మొదటిసారి ఆ మాట నా చెవులకు కమ్మగా వినిపించింది. లోపల కెమెరా ముందు కుర్చీలో సేటు తల దువ్వుకొని కూర్చున్నాడు. పక్కన బావమరిది. ఆపరేటరు తెర చూస్తూ, "ఆఁ, వస్తుంది వస్తుంది, వేలు రెడీగ పెట్టుకోండి" అంటున్నాడు.

నేను ఆర్డరును సబ్ రిజిస్ట్రారు బల్ల మీద పెట్టాను.  ఆయన చదివి, ఆపరేటరు వైపు చెయ్యి ఎత్తి ఆపమన్నాడు.

సేటు లేచాడు. "ఏంది సార్ ఇది? గొర్లున్నయి గద! గొర్లు అమ్ముకోండ్రి!"

"లేవు సేటూ."

"ఎట్ల లేవు? నేను చూపిచ్చిన గద!"

"నువ్వు చూపిచ్చినయి నల్లయి. నువ్వు అమ్ముకున్నయి ఎర్రయి. ఫొటోలు నువ్వే తీయిచ్చినవ్."

సేటు దువ్వుకున్న తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. బావమరిది మెల్లగా కుర్చీ వెనక్కి జరుపుకొని లేచి, ఈ వ్యవహారం తనది కానట్టు గోడ మీద ఉన్న చార్టు చదవడం మొదలుపెట్టాడు. అప్పుడే సర్వర్ వచ్చింది. బయట జనం చప్పట్లు కొట్టారు. అది సర్వర్ కోసమే, కానీ నేను నాకే కొట్టారనుకున్నాను!

మందను వదిలెయ్యమని మేడం ఆ మధ్యాహ్నమే ఇంకో ఆర్డరు ఇచ్చింది. నడుం విరుగుతున్నా నేనే తీసుకుపోయాను. ముసలామెకు చదివి వినిపిస్తే, "ఇప్పుడే తోలుకపోవచ్చా?" అని ఒక్కటే అడిగింది. పోవచ్చన్నాను. కొడుకు అప్పటికే కంచె తీసేస్తున్నాడు. ముసలామె సద్దిమూట కట్టుకొచ్చేసరికి మంద రోడ్డెక్కింది. నన్ను మెచ్చుకోలేదు, దండం పెట్టలేదు. "పక్కకు జరుగు సారూ, గొర్లు బెదుర్తయి" అంది. జరిగాను. ఆ బక్కచిక్కిన గొర్రెలు నా ముందు నుంచి పోతుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు.

తర్వాత బిల్డింగు జప్తు ఖరారు కోసం ప్రత్యేక కోర్టులో విచారణ జరిగింది. ఏడాది తిరిగాక వేలమైంది, జనానికి వాళ్ల సొమ్ము చేరింది. అప్పటికి నేను రిటైరయ్యాను కూడా. పిల్లలూ, మీకు నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ విచారణలో చేపలామెను బోనులో నిలబెట్టిన రోజు సంగతి.

సేటు తరఫు లాయరు పేరున్న మనిషి. ఆమె చుట్టూ తిరుగుతూ అడిగాడు. "ఆ రోజు అధికారి గొర్రెను ఇస్తానంటే నువ్వు వద్దన్నావు. అవునా?"

"అవ్ సార్."

"చేతికొచ్చిన గొర్రెను వద్దనుకొని, నా క్లయింటు తండ్రి ఆస్తితో కట్టుకున్న బిల్డింగు కావాలంటున్నావు. ఆ బిల్డింగులో నీ పైసా ఒక్కటన్నా ఉందా?"

మా లాయరమ్మ అభ్యంతరం చెప్పడానికి లేవబోయింది. అంతలోనే చేపలామె మాట్లాడింది, గొంతు పెంచలేదు.

"లేదు సార్. ఆ ముసలామె గొర్లల్ల గూడ నా పైసా లేకుండె. నా గొర్రెను లేకుండ జేసింది ఈయన. లేకుండ జేసినాయనను అడుగుత గని, ఆమెనెందుకు అడుగుత?"

జడ్జిగారు రాస్తున్న పెన్ను ఆపి, "ఇంకేమైనా అడగాలా?" అన్నారు.

లాయరు కూర్చున్నాడు.